చుక్క కనబడని లీకు

కారులో ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ మళ్ళీ రెండు వేళ్ళు తగ్గింది.

మెకానిక్ రేడియేటర్ మూత చేత్తో పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడిపోయాడు. నిన్న సాయంత్రం ఇంజన్ తిప్పి, చల్లారాక నిండా పోసి, తనే మూత బిగించాడు. కారు కింద అట్టముక్క పరిచాడు. దాని మీద చుక్క లేదు.

"ఎటు పోతోందే ఇది?" అన్నాడు టీ తెచ్చిన భార్యతో.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. మరిది పోయి ఎనిమిది నెలలైనా ఆ షెడ్డులోకి రాగానే ఆమె చూపు ఆ కారు లోపలికే పోతుంది. డ్రైవర్ సీటు ఇంకా వెనక్కి జరిపే ఉంది. మరిదివి పొడుగు కాళ్ళు. ఆ సీట్లో ఎవరో కూర్చున్నట్టు, 'వదినా' అని పిలవబోయి ఆగినట్టు ఉంటుంది.

ఊళ్ళో ఎవరి బండి కారినా అతని దగ్గరికే తెస్తారు. ఒకసారి చెవి పెట్టి విని, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తాడు. అలాంటివాడికి సొంత తమ్ముడి కారు కొరకరాని కొయ్య అయి కూర్చుంది. నీటి పంపు మార్చాడు. హెడ్ విప్పి గ్యాస్కెట్ మార్చాడు. గాలి ఒత్తిడి పెట్టి చూస్తే గంటసేపు మీటరు ముల్లు కదలదు. తెల్లారితే మాత్రం రెండు వేళ్ళు తక్కువ.

ఆ రోజు ఈ బండే వేడెక్కి వంతెన మీద ఆగిపోయింది. తమ్ముడు దిగి, బానెట్ ఎత్తి వంగి చూస్తున్నాడు. వెనక నుంచి లారీ వచ్చి కారును గుద్దింది. కారు అతని మీదికి వచ్చింది.

దానికి ముందు రోజే అన్న ఆ బండికి హోస్ పైపు మార్చాడు. పైపు జారకుండా క్లిప్పు బిగించాడా, మళ్ళీ బిగిద్దాంలే అనుకుని మరిచాడా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాదు. పోనీ బండిని చూసి తెలుసుకుందామా అంటే, పోలీస్ స్టేషన్ వాళ్ళు తనిఖీ అని ఎవరిచేతో పైపులన్నీ పీకించి, దొరికిన క్లిప్పులేవో తొడిగించి, రెండు నెలల తర్వాత అప్పగించారు.

ఇంజన్‌లో ఎక్కడో దొంగ లీకు ఉంటే తప్పు బండిది. లేకపోతే అతని చేతిది.

"దొరికిందా నాన్నా?" వరండాలోంచి అత్తగారు రోజూ అడిగే మాటే అడిగింది.

"లేదమ్మా."

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు," అని ఆవిడ గొణుక్కుంది. ఆ గొణుగుడు వింటే కోడలు తల దించుకుంటుంది.

ఆ కారును తుక్కుకి అమ్మి పారేయమని చుట్టాలంతా పోరారు. కోడలు ఒక్కతే ఏనాడూ ఆ మాట అనలేదు.

"ఇవాళ్టితో తేల్చేస్తా," అంటూ అతను సంచిలోంచి ఊదారంగు లైటు తీశాడు. "నిన్న నీకు చెప్పలేదు. కూలెంట్‌లో రంగు మందు కలిపాను. ఎక్కడ కారినా ఈ వెలుగులో పచ్చగా మెరుస్తుంది."

ఆమె చేతులు కొంగులో చుట్టుకుంది.

"ఇందులోనూ కనబడకపోతేనో?"

"బండి మంచిదన్నట్టే కదా. వెళ్ళి అమ్మ కాళ్ళ మీద పడి చెప్పేస్తా, వాణ్ణి చంపింది నేనేనని. తర్వాత ఈ ఇంట్లో నా మొహం ఎవరికీ చూపించను."

అతను అన్నంత పనీ చేసే మనిషి. అది ఆమెకు బాగా తెలుసు.

"లైటు నేను పడతాను. మీరు చూడండి," అంది.

అతను షట్టర్ దించాడు. పట్టపగలే షెడ్డు చీకటి గుహ అయింది. ఆమె లైటు వెలిగించి, చెయ్యి దాని వెనక ఉంచుకుని పట్టుకుంది. అతను పైపుల వెంట, పంపు చుట్టూ, హెడ్ అంచుల మీద అంగుళం అంగుళం వెతికాడు. అంతా నలుపే. అతని ఊపిరి ఆమెకు గట్టిగా వినబడుతోంది.

"ఏమీ లేదు," అన్నాడు చివరికి. "అయిపోయిందే."

"కింద కూడా చూడండి."

"కింద ఏముంది? నీళ్ళు వదిలే మర. దాన్ని నేనెప్పుడూ ముట్టుకోనే లేదు."

"అయినా చూడండి."

అతను పడుకుని కారు కిందికి జరిగాడు. ఆమె లైటు కిందికి వంచింది. మర అంచున ఆవగింజంత చుక్క పచ్చగా వెలిగింది.

అతను కారు కిందే వెక్కి వెక్కి ఏడ్చాడు.

"వాషర్ పోయింది. బొట్టు బొట్టుగా వదిలి, కింద రేకు మీదే ఆరిపోతోంది. అదే... అదే ఇన్నాళ్ళూ..."

మరి ముల్లు ఎందుకు కదల్లేదో అతను ఆలోచించలేదు. మునిగేవాడు గడ్డిపోచను నువ్వెంత లావని అడగడు. షట్టర్ ఎత్తి అమ్మను కేకేశాడు. ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చింది.

"అయితే నీ చెయ్యి కాదన్నమాట," అంది.

"కాదమ్మా."

ఆవిడ ఆ జిడ్డు చేతిని తీసుకుని కళ్ళకు అద్దుకుంది. తల్లీ కొడుకులు ఎనిమిది నెలల ఏడుపూ అక్కడే నిలబడి ఏడ్చేశారు.

కోడలు లోపలికి వెళ్ళి, రోజూ పొద్దున అతను స్నానానికి పోగానే గిన్నె పట్టి ఆ మర తిప్పే వేళ్ళను సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, మరిది పోయిన రోజు ఉతకబోయిన భర్త చొక్కా జేబులో దొరికిన కొత్త క్లిప్పును గుండీల డబ్బాలో ఇంకా అడుక్కి నెట్టింది.