మోదకాల నంబరు

"ఒక్క అంకె తేడా వచ్చినా నీ కొట్టు ముందే కూర్చుని ఏడుస్తాను షౌకత్!" అంది మృణాలి.

"నంబరెక్కడికీ పోదు తాయీ. కంపెనీ మారుతుంది, అంతే." షౌకత్ కొత్త సిమ్ము ఫోన్లో పెట్టి ఆమె చేతికిచ్చాడు. కొల్హాపూర్‌లో ఆ పేట మొత్తానికీ ఫోన్ల డాక్టరు అతనే.

పాత కంపెనీకి మృణాలి ఇంట్లో సిగ్నలే అందదు. ఫోను మోగితే చాలు, పిండి చేతులతో డాబా మీదికి పరుగు. ఆర్డరు రాసుకుని దిగేసరికి పొయ్యి మీద కొబ్బరీ బెల్లమూ మాడిపోయేవి. ఇక లాభం లేదని, నంబరు ఉంచి కంపెనీ మార్చమంది. తీరా రేపు వినాయక చవితనగా, ఇవాళ పొద్దున్నే పాత సిమ్ము కన్ను మూసింది. కొత్తది ఇంకా కన్ను తెరవలేదు.

మృణాలి స్టూలు మీద కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది.

"పండగ ఆర్డర్లన్నీ ఇవాళే! ఏడాదంతా నేను తినేది ఈ ఒక్క రోజు మీదే!"

"అంత కంగారైతే నా ఫోను తీసుకో. 'నేను మృణాలిని, మోదకాలు కావాలా' అని అందరికీ చెప్పు."

"అలా చెప్తే ఒక్కరూ కొనరు. వాళ్లు నన్ను చూసి కొనరయ్యా, నంబరు చూసి కొంటారు."

"ఇదేం విడ్డూరం! మోదకాలు చేసేది నువ్వా, నంబరా?"

"నేనే. మొదటిసారి చేసినవి ఆవిరికి విచ్చుకుని పాయసమయ్యాయనుకో, అది వేరే సంగతి."

షౌకత్ పగలబడి నవ్వాడు. ఆమెకీ నవ్వాగలేదు. నవ్వుతూనే ఫోనుకి దణ్ణం పెట్టింది.

"గణపతి బాప్పా, ఈ గోలంతా నీ నైవేద్యం కోసమే. నీకైనా దయ ఉండొద్దూ?"

తెర మీద సిగ్నలు గీతలు లేచాయి. మరుక్షణం ఫోను మోగింది.

మృణాలి గొంతు సవరించుకుంది. దాన్ని పెద్దావిడలా కాస్త బరువు చేసి, కాస్త వణికించి "హలో" అంది. షౌకత్ నోరు తెరిచాడు.

అవతలి నుంచి ఓ ఆడగొంతు, "గోడ్‌బోలే కాకూ! పొద్దుట్నుంచీ చేస్తున్నాను, మీకేమైందోనని హడలి చచ్చాం! నేను పరికిణీ కట్టిన నాటి నుంచీ మీ మోదకాలేగా. అవి లేకపోతే మాకు పండగేముంది?"

"నాకేమవుతుందే పిచ్చిపిల్లా! పొద్దున్నే పంపిస్తాను. నువ్వు మాత్రం రాకు తల్లీ, ఇల్లంతా పిండి."

ఆ ఫోను పెట్టేయగానే ఇంకొకటి. దాని వెనకే మరొకటి. మృణాలి స్టూలు చుట్టూ గిరగిరా తిరిగేసింది.

"బతికించావు షౌకత్! రేపు మొదటి పళ్లెం నీకే!"

చెప్పులు అక్కడే మర్చిపోయి ఇంటికి పరుగెత్తింది. సందు మలుపులో మళ్లీ ఫోను.

"కాకూ, మీరేనా?"

"నేను కాక ఇంకెవర్రా!" అంది, ఆయాసంలోనూ గొంతు వణికిస్తూ.

మూడేళ్ల కిందట ఈ నంబరున్న సిమ్ము కొన్న రోజే "కాకూ, వంద మోదకాలు" అంటూ మొదటి ఫోను మోగినప్పటి నుంచి ఈ రోజు దాకా, అసలా గోడ్‌బోలే కాకు ఎవరో మాత్రం మృణాలికి తెలియదు.