అరకిలో మట్టి

ఆ పొద్దున కౌలురైతు చేతిలో ఉన్నవి రెండే: అయిదేళ్లుగా బాగుచేసిన మూడెకరాలు, చొక్కా జేబులో ఆకుపచ్చ మార్కులున్న మట్టి పరీక్ష కార్డు. పదింటికల్లా మొదటిది పోయింది. పొలంలో ఎవరో హద్దురాళ్లు పాతుతున్నారు. వాళ్లనడిగి లాభంలేక పొలం యజమాని అయిన షావుకారు గిన్నెల కొట్టుకు పరుగెత్తాడు.

"అమ్మేశాను," అన్నాడు షావుకారు, గిన్నెలు దొంతర పెడుతూ. "చవుడు తేలిన నేల. ఎన్నాళ్లు పట్టుకుని వేలాడను?"

"చవుడని ఎవరన్నారండీ?"

"ఏమీ తెలియనట్టు మాట్లాడకు. అందుకేగా పరీక్ష చేయించి కూడా నాకు చెప్పలేదు?"

కౌలురైతు చేయి జేబు మీదికి పోయింది. దాచిన మాట నిజమే. మట్టి పరీక్షంటే అతను మొదట నవ్వాడు. తొక్కే కాలికి తెలియని సంగతి గాజు సీసాకు తెలుస్తుందా అన్నాడు. మట్టి పరీక్షలు చేసే ల్యాబు ఉద్యోగే వదల్లేదు. బాబాయ్ బాబాయ్ అంటూ గట్టు మీద కూర్చుని, అతని క్యారేజీలోనే నాలుగు ముద్దలు తిని, ఎనిమిది చోట్ల గుంటలు తీయించి, అంతా కలిపించి, అరకిలో మట్టి సంచిలో పోయించుకున్నాడు. ఏటా పచ్చిరొట్ట కలియదున్నిన నేల కదా, కార్డు నిండా మంచి మార్కులే. అది చేతిలో పెడుతూ ఒక్కమాట అన్నాడు: "షావుకారుకు చూపించకు బాబాయ్. చూస్తే కౌలు పెంచుతాడు." కడుపున పుట్టినవాడికి కూడా ఇంత ముందుచూపు ఉండదనుకుని, రెండు నెలలుగా కౌలురైతు కార్డును రాత్రిళ్లు బియ్యం డబ్బాలో దాచి, పగలు జేబులో పెట్టుకుని తీసి చూసుకుంటున్నాడు.

ఇప్పుడు దాన్ని బల్ల మీద పెట్టాడు. షావుకారు చదివి, సొరుగులోంచి ఇంకో కార్డు తీసి పక్కన పరిచాడు. అదే పొలం, అదే తేదీ. మార్కులన్నీ ఎరుపు.

"ఇది మీకెక్కడిది?"

"దళారీ తెచ్చాడు. బేరం కూడా అతనే కుదిర్చాడు. సగం ధరకు వదిలించుకుని బతికాననుకున్నాను." షావుకారు ముఖం మాడిపోయింది. "కొన్నాయన్ని నేను చూడనేలేదు. ఒప్పందం కాగితం పంపాడు, సంతకం పెట్టాను, సొమ్ము ముట్టింది. నిన్ను కూలికి పెట్టుకుంటానన్నాడట. ఆ నేల గుట్టు నీ అంత బాగా ఇంకెవరికీ తెలియదన్నాడట."

"ఆ కాగితం ఒకసారి ఇవ్వండి."

కౌలురైతుకు చదువు అంతంత మాత్రం. కానీ తన కార్డు కింద ల్యాబు ఉద్యోగి పెట్టిన సంతకం అతనికి కళ్లు మూసుకున్నా కనబడుతుంది. చివర కొడవలిలా వంగిన తోక. ఎర్ర కార్డు కిందా అదే ఉంది. ఒప్పందం కాగితం వాటి పక్కన పెట్టి, కొన్నవాడు ఎక్కడ సంతకం పెట్టాడో చూపించమన్నాడు. షావుకారు వేలు పెట్టి చూపించాడు.

అయిదేళ్ల చాకిరీకి మిగిలినవి మూడు కాగితాలు. మూడింటి మీదా ఒకటే కొడవలి.