సముద్రం పేజీ

ఆ రోజుల్లో ఏ సంగతి తెలియాలన్నా టీవీలో అక్షరాల పేజీ తెరవాల్సిందే. వాన, బస్సు, పెళ్లి, చావు, ఒక్కోదానికి ఒక్కో పేజీ ఉండేది. పేజీలో రానిది జరగనట్టే లెక్క.

సముద్రపు ఒడ్డున కాపురమున్న నూకరత్నం ఒక ఉదయం వాకిలి ఊడుస్తుంటే కాళ్లకు ఉప్పునీళ్లు తగిలాయి. లోపలికి పరుగెత్తి భర్త సింహాద్రిని లేపింది.

"సముద్రం ఈదిలోకొచ్చేసింది మావా! పిల్లనెత్తుకో, ఎల్లిపోదాం."

సింహాద్రి టీవీలో సముద్రం పేజీ తెరిచాడు. 'అలలు ప్రశాంతం' అని ఉంది.

"పేజీలో అలా నేదు గదే. కాసేపాగు, మారితే ఎల్దాం."

ఆ పేజీలు రాసే కేంద్రం అప్పటికే నీట మునిగిందని, కనిపిస్తున్నది పాత పేజీయేనని వాళ్లకు తెలియదు. నూకరత్నం అతని చెయ్యి పట్టుకు లాగింది. అతను విదిలించుకున్నాడు. ఇక లాభం లేదని పిల్లను చంకనేసుకుని ఇసుక దిబ్బ ఎక్కింది. ఆమె చూస్తుండగానే పెద్ద అల వచ్చి ఇంటిని మింగేసింది.

సాయంత్రం సహాయ శిబిరంలో ఆమె గొల్లుమంది. పక్కింటి అప్పలనరసమ్మ గబగబా వచ్చి ఆమె నోరు మూసింది.

"ఏడవకే, అశుభం! చావుల పేజీలో నీ మొగుడి పేరింకా రానేదు."

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. నూకరత్నం ఆ చేతిని తోసేసి, పిల్లను గుండెకదుముకుని ఏడ్చింది. ఆమెతో కలిసి ఏడవడానికి ఒక్కరూ సాహసించలేదు.