నేనొస్తానన్నా

"ఈడే కూసో. నేనొస్తానన్నా."

చిత్తూరు బస్టాండులో సిమెంటు బల్ల మీద ఏకాంబరాన్ని కూర్చోబెట్టి, చెల్లెలు పంకజాక్షి అతని చెయ్యి వదిలేసింది.

ఏకాంబరానికి పుట్టుకతోనే చూపు లేదు. అమ్మానాయనా పోయాక చెల్లెలి చెయ్యే అతనికి దారి. ఆమె గరిక కోసుకొస్తే అతను ఇంట్లో కూర్చుని మాలలు కడతాడు. వాటిని ఆమె కాణిపాకం గుడి ముందు అమ్ముతుంది. ఆమె లేకుండా అతను వీధి కొళాయి దాకా కూడా పోడు. "ఒక్కడివే పోయి సూడన్నా, ఏం కాదు" అని ఈమధ్య రోజూ పోరుతూనే ఉంది. అతను వింటేగా!

ఇవాళ చిత్తూరులో పనుందని బయల్దేరదీసింది. ఏం పనో చెప్పలేదు. పక్కింటి వరదమ్మ కూడా వెంట వచ్చింది.

ఎండ కాళ్ల మీదికొచ్చింది. పంకజాక్షి జాడ లేదు.

"అప్పా, మా చెల్లెలు ఈడ యాడన్నా కనిపిస్తా ఉండాదా?" పక్కన కూర్చున్నాయన్ని అడిగాడు.

"నీతో వచ్చిన పాపేనా? ఆ పెద్దామె చెయ్యి పట్టుకోని అప్పుడే బస్సెక్కి ఎళ్లిపోయిందే!"

నేనొస్తా అంటే తిరిగొస్తుందనుకున్నాడు పిచ్చివాడు. సెలవు తీసుకునేవాళ్లు అనేదీ ఆ మాటే కదా!

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. కొన్నాళ్లుగా అన్నంలో రాళ్లు. గరికలో పిచ్చిగడ్డి. ఇదేందే అంటే విసుక్కోవడం. మొన్న వరదమ్మ గుసగుసగా అన్న మాట: "ఎన్నాళ్లని దాస్తావే మీ యన్న దగ్గిర?" పెళ్లి సంబంధమే, ఇంకేముంటుంది! గుడ్డి అన్న అడ్డమయ్యాడు. వదిలించుకుంది.

"ఎంత పని చేసినావే పాపా!" బస్టాండని కూడా చూసుకోకుండా ఏడ్చాడు.

కళ్లు తుడుచుకుని లేస్తుంటే చొక్కా జేబులో చిల్లర గలగలమంది. ఎప్పుడు వేసిందో! అంటే అన్నీ ముందే అనుకుని చేసిందన్నమాట. ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో భయపడడం కూడా మర్చిపోయాడు.

"కాణిపాకం బస్సు యాడ నిలుస్తాదప్పా?"

అడుగుతూ, తడుముకుంటూ, ఎవరి కాలో తొక్కి తిట్లు తింటూ ఎర్రబస్సెక్కాడు. కండక్టరు టికెట్టు చింపి అతని చేతిలోనే పెట్టాడు. జన్మలో తను కొన్న మొదటి టికెట్టు. అంత దుఃఖంలోనూ దాన్ని నలగనివ్వకుండా పట్టుకున్నాడు.

దిగాక గుడిగంట ఎడమ చెవిన వినిపించింది. అయితే ఇల్లు కుడివైపు. మధ్యలో ఒకసారి మురిక్కాలవలో కాలు వేశాడు. అయినా తన గడప తనే వెతుక్కుని తొక్కాడు.

లోపల గాజుల చప్పుడు. ముందే వచ్చి కూర్చుంది మహాతల్లి!

"నన్ను బజార్లో పారేసొచ్చినావు గదే! నీకేం ద్రోహం చేసినానే నేను? ఈ గుడ్డోడు అంత బరువైపోయినాడా నీకు?" ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

గాజులు దగ్గరికొచ్చాయి. దారిలో చెంబేదో తగిలి దొర్లింది. ఆమె వేళ్లు అతని చెంపలు తడిమాయి.

"ఒక్కడివే వచ్చేసినావా అన్నా!" పంకజాక్షి ఏడుస్తూనే నవ్వింది. "నాక్కూడా సూపు పోయిందన్నా, రేపట్నుంచి నా చెయ్యి నువ్వే పట్టుకోవాల."