మూడు తుపాకుల ఫ్రేము

"పాత ఫ్రేమే కావాలండీ. కొత్తది వద్దు."

చౌడయ్య ఆ మాట అనడం అది మూడోసారి. వెంకటసుబ్బారావు బెజవాడలో సైకిలు షాపు పెట్టి పన్నెండేళ్ళయింది. కొత్తది చూపిస్తే పాతది అడిగేవాణ్ణి చూడడం ఆయనకి ఇదే మొదలు.

"ఏ కంపెనీది?"

"పేరు తెలవదండి. ఇంగ్లీషు చదవలేను. బొమ్మ చూస్తే గుర్తుపడతా."

వెంకటసుబ్బారావు గోడకి వేలాడుతున్న ఫ్రేములు ఒక్కొక్కటే దించాడు.

"ఇది ర్యాలీ. కొంగతల బొమ్మ చూశావా? పాతదైనా డెబ్భైకి పైసా తగ్గదు. ఇది హెర్క్యులిస్, నలభై అయిదు. మన దేశంలో చేసింది చాలనుకుంటే ముప్పైకే ఇస్తా. మీవాడు ఊళ్ళెంట చీరల మూటలు మోస్తాడన్నావుగా, ఇది బాగా సరిపోద్ది."

"ఇయ్యేవీ కాదండి."

"ముప్పైకొస్తుంటే కాదంటావేంటయ్యా! రోజూ సంతలో బేరాలాడేవాడివి, నీకు ధర తెలవదా?"

చౌడయ్య మూలనున్న నల్ల ఫ్రేము ముందు గొంతుక్కూర్చున్నాడు. దాని మెడ దగ్గరి రేకుబిళ్ళని పైపంచెతో తుడిచాడు. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకుల బొమ్మ బయటపడింది.

"ఇదండీ."

"బి.ఎస్.ఏ. అరవై. గట్టి ఘటానివే! సరే, మీవాడి ఎత్తెంత? ఇది ఇరవైనాలుగు అంగుళాల ఫ్రేము. పొట్టివాడైతే కాళ్ళందవు."

చౌడయ్య నేలకి చెయ్యి ఆనించాడు. మూర వేసుకుంటూ మెల్లగా పక్కకి జరిగాడు.

"నాలుగు మూరలకి బెత్తెడు తక్కువండి."

వెంకటసుబ్బారావు పకపకా నవ్వాడు. "ఎత్తు అడిగితే నేలమీద కొలుస్తావేంటయ్యా? కొడుకనుకున్నావా, చీరనుకున్నావా?"

చౌడయ్య అరచేతి దుమ్ము పంచెకి తుడుచుకుని లేచాడు.

అది నలభై తొమ్మిదో సంవత్సరం. చల్లపల్లి దాపున ఉన్న చౌడయ్య ఊళ్ళో పోలీసు క్యాంపు పెట్టి నెల దాటింది. సైకిలున్న కుర్రకారంతా అజ్ఞాతంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీవాళ్ళకి ఉత్తరాలు మోస్తున్నారని క్యాంపువాళ్ళ అనుమానం. మంగళవారం పొద్దున కాలవగట్టు మీద వాళ్ళకి ఒక సైకిలు దొరికింది. దాని మధ్య బారుకి రంగురంగుల దారం చుట్టి ఉంది. బట్ట కోసి దించాక మగ్గం మీద మిగిలిపోయే ఆ దారపు కొసల్ని నేతవాళ్ళే అలా చుట్టుకుంటారు, బారు మీద పెట్టిన చీరలకి తుప్పు అంటకుండా.

సాయంత్రానికల్లా దండోరా వేశారు. శుక్రవారం ప్రతి నేతింటి ముందూ ఆ ఇంటి సైకిలు నిలబెట్టి ఉండాలి. లేని ఇంటి మగవాళ్ళు క్యాంపుకి రావాలి.

పక్కవీధి బసవపున్నయ్య క్యాంపుకి వెళ్ళొచ్చాక మళ్ళీ మగ్గం మీద కూర్చోలేదు. కూర్చున్నా లాభం లేదు. అతని వేళ్ళు ఇక మడతపడవు.

చౌడయ్య పెద్దకొడుకు సత్యంది మూడు తుపాకుల సైకిలని ఊరందరికీ తెలుసు. ఇప్పుడది ఇంట్లో లేదు. చిన్నకొడుకు ఏడుకొండలుకి ఇంకా పద్దెనిమిది నిండలేదు.

"చక్రాలు వద్దా?" అన్నాడు వెంకటసుబ్బారావు.

"పాతవి ఇంట్లో ఉన్నాయండి." చౌడయ్య బేరమాడకుండా అరవై రూపాయలూ ఇచ్చాడు. ఫ్రేము భుజానికెత్తుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. "ఈ చుట్టుపక్కల గాజుల కొట్టు ఎక్కడుందండీ?"

"కొడుక్కి సైకిలు, కోడలికి గాజులూనా! నీలాంటి మావగారు దొరకాలయ్యా ఏ ఆడపిల్లకైనా!"

గురువారం పొద్దున ఏడుకొండలు చక్రాలు బిగించాడు. మరీ నిగనిగలాడకుండా ఫ్రేముకి కాలవమట్టి పట్టించాడు. బారుకి దారం చుట్టే పని చౌడయ్య తీసుకున్నాడు. చుట్టేలోపల దారం మూడుసార్లు తెగింది. తండ్రి చేతిలో దారం తెగడం ఏడుకొండలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

శుక్రవారం ఇనస్పెక్టరు వచ్చాడు. రేకుబిళ్ళ చూశాడు. దారం తడిమి చూశాడు.

"ఎవరిదీ సైకిలు?"

"మా పెద్దవాడిదండి. సత్యం."

"వాడేడీ?"

"నూలు కోసం చీరాల వెళ్ళాడండి. రైల్లో."

ఇనస్పెక్టరు చూపు గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి మీదికి మళ్ళింది. నుదుట కాసంత కుంకుమ బొట్టు. చేతుల నిండా పచ్చగాజులు.

"నువ్వెవరు?"

"రావమ్మనండి. ఆయన భార్యని."

"మీ ఆయన ఎప్పుడొస్తాడు?"

"సోమారం వస్తానన్నారండి. కొత్త చీర తెస్తానన్నారు."

ఇనస్పెక్టరు నవ్వాడు. "చీరలు నేసే ఇంట్లో చీర కొనుక్కొస్తాడా?"

"ఊరికే నన్ను ఉడికించడానికి అట్టా అంటారండి," అంది రావమ్మ. ఆమె కూడా కొంచెం నవ్వింది.

ఇనస్పెక్టరు పుస్తకంలో ఏదో రాసుకుని మూసేశాడు.

"అయితే గట్టు మీద ఆ సైకిలు పక్కన చచ్చిపడున్నవాడు మీవాడు కాదన్నమాట."

"కాదండి," అన్నాడు చౌడయ్య.

"మూడ్రోజులైంది. నావాడని ఒక్కడూ రాడే! ఇవాళ మేమే తగలబెట్టేస్తాం."

"అట్టాగేనండి."

జీపు సందు మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది. ఏడుకొండలు సైకిలు లోపలికి తెచ్చి తలుపు గడియ వేశాడు.

రావమ్మ గాజులు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టి, నుదుటి కుంకుమ అరచేత్తో తుడిచేసుకుని, "ఇంక ఏడవొచ్చా మావయ్యా?" అని అడిగింది.