పద్దెనిమిదో ప్రశ్న

“నో అని పెట్టేస్తున్నా,” అన్నాడు మహీధర్ మౌస్ మీద వేలుంచి.

“పెట్టు. వెట్టింగ్ వాళ్లు పోలీసు రికార్డు కోసం గార్డ్స్‌నే అడుగుతారు. తాగి నడిపాడన్నదానికి తోడు అబద్ధాలకోరు అని కూడా రాసుకుంటారు,” అంది అపర్ణ సింకు దగ్గర్నుంచి.

లాప్‌టాప్‌లో తెరిచిన ఫారంలో పద్దెనిమిదో ప్రశ్న కదలనంటోంది. మద్యానికి సంబంధించిన నేరం ఏదైనా చేశారా? పక్క ఊరు షానన్‌లో కొత్త ఉద్యోగం. ప్రభుత్వ డేటా కాబట్టి సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తేనే ఆఫర్. ఇప్పటి కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి. ఇదీ పోతే ఐర్లండ్ వర్క్ పర్మిట్ పోతుంది, లిమరిక్‌లో ఈ ఇల్లూ పోతుంది.

సోఫా వెనక ఐదేళ్ల సాహితి బొమ్మ ఫోనులో గుసగుసలాడుతోంది. లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచీ దాని లోకమంతా ఆ ఫోనే.

“సాహితీ, ఆ ఫోను లోపల పెట్టు!” అంది అపర్ణ.

“ఆడుకోనీవే పాపం.”

“హెచ్ఆర్ అమ్మాయి ఏమంది?”

“ఒక్క కేసుకే రిజెక్ట్ చెయ్యరట. కానీ ఏడాది కూడా తిరగలేదుగా, డౌటేనంది. చివర్లో ‘యూ విల్ బీ గ్రాండ్’, ఏం ఫర్వాలేదు అంది. వీళ్లు కొంప కాలుతున్నా గ్రాండే అంటారు.”

నిరుడు మేలో, నాలుగు బీర్లయ్యాక, ఐదోదాని కోసం బయల్దేరాడు మహీధర్. నేనూ వస్తానని కారెక్కిన సాహితిని అపర్ణ బలవంతంగా దింపేసింది. తాళాలిమ్మని బతిమాలింది. ఇవ్వలేదు. రౌండబౌట్ దగ్గర ముందున్న మూడు కార్లనీ చెయ్యూపి పంపేసిన పోలీసు, ఇక్కడి మాటలో గార్డు, ఇతని నంబర్ ప్లేట్ చూడగానే ఆపాడు. గొట్టంలో ఊదించాడు. తర్వాత కోర్టు, లైసెన్సు రద్దు.

“ఎవడో చెప్పాడే. లేకపోతే నన్నే ఎందుకాపుతాడు? ఎదురింటి ముసలాయనే అయ్యుంటాడు.”

“ఆయన్ననకు. క్వారంటైన్‌లో పాలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు.”

“మరెవడు? దొరకనీ, జన్మలో క్షమించను.”

అపర్ణ కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

“ఆ రోజు పిల్ల కారులో ఉండుంటే?”

“ఉందా? లేదుగా!”

మహీధర్ చాలాసేపు తెరకేసి చూసి, ఎస్ నొక్కాడు. సబ్మిట్ నొక్కాడు. చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

“ఇంక మన చేతుల్లో ఏం లేదే,” అన్నాడు.

సోఫా వెనక సాహితి ఇంకా తన బొమ్మ ఫోను వదల్లేదు. ఎవరి గొంతునో అనుకరిస్తూ, ఏడుపు ఆపుకుంటున్నట్టు అంటోంది:

“హలో గార్డ్స్? ప్లీజ్ స్టాప్ మై హస్బెండ్.”