ఇంటూ గుర్తు

“ఆ అబ్బాయి వస్తాడా, రాడా? ముందు అది చెప్పండి,” అని చిహారు నిలదీసింది.

ముకాయ్ మాస్టారు నవ్వుతూ కలం సిరాలో ముంచారు. ఏళ్ల తరబడి ఆయన గీస్తూ వచ్చిన బొమ్మల కథకు ఇక ఒక్క పేజీయే మిగిలింది. మంచు కురుస్తున్న స్టేషన్లో కోయుకి నిలబడి ఉంది. సుసుము రావాలి. ఈ ప్రేమజంట ఏమవుతుందా అని దేశంలో ఆడపిల్లలంతా గోళ్లు కొరుక్కుంటున్నారు. పత్రికవాళ్లు మాత్రం ఎలాగోలా ముగిస్తే చాలంటున్నారు. మాస్టారి మతిమరుపు సంగతి వాళ్లకూ తెలుసు.

పొద్దున ఏం తిన్నారో ఆయనకు గుర్తుండదు. కలం పట్టుకుంటే మాత్రం కోయుకి ముఖం ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసినట్టు దిగుతుంది, చెవి కింద పుట్టుమచ్చతో సహా. ముఖాలు ఆయనవి. జుట్టు, నీడలు, చీకటి చిహారువి. ఎక్కడ నలుపు నింపాలో అక్కడ ఆయన చిన్న ఇంటూ గుర్తు పెడతారు, ఆమె కుంచె ముంచుతుంది. ఆ పనిలో ఎదురు ప్రశ్నలుండవు.

ఈ ఒక్క పేజీకి మాత్రం చిహారు పట్టు విడవలేదు. సుసుము రాకపోతే రేపటినుంచి పనిలోకి రానని బెదిరించింది.

“మీకెందుకండీ అంత పంతం? మీరూ ఎవరికోసమైనా స్టేషన్లో పడిగాపులు పడ్డారా ఏంటి?”

“పడ్డాను.”

“వచ్చాడా?”

“వచ్చాడు. ఆలస్యంగా. ఆ కంగారులో రెండు కాళ్లకీ రెండు రకాల బూట్లేసుకుని.”

మాస్టారు పగలబడి నవ్వారు. భలేవాడే, అదే పెట్టేద్దామంటూ హుషారుగా కలం అందుకున్నారు. బూట్లు గీశారు. ఎగురుతున్న కోటు గీశారు. ముఖం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

చిహారు పాత సంపుటాలు తెచ్చి సుసుము ముఖం చూపించింది. ఆయన చాలాసేపు చూశారు. ఎవరో బాగానే గీశారుగానీ, ఈ కుర్రాణ్ని తానెప్పుడూ చూడలేదన్నారు.

సాయంత్రానికి పేజీ ఆమె బల్ల మీదికి వచ్చింది. కోయుకి కళ్లనిండా నవ్వుతోంది. ఎదురుగా సుసుము పరుగెత్తుకొస్తున్నాడు. ముఖం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు ఉంది.

“ఎంత తలుచుకున్నా రావడం లేదండీ. నలుపు చేసేయండి.”

చిహారు కుంచె ముంచింది. నుదుటి నుంచి గడ్డం దాకా, ఎక్కడా తెల్లచుక్క మిగలకుండా నింపింది.

“వచ్చాడుగా మరి. సంతోషమేనా?”

“సంతోషమే, మాస్టారూ.”

“పొద్దుపోయింది. ఇంటికెళ్లండి. మీ ఆయన ఎదురుచూస్తుంటాడు.”

చిహారు వంగి సెలవు తీసుకుని, బూట్లు తొడుక్కుని, వీధి తలుపు వినిపించేలా మూసి, రోజూలాగే ఇంటి చుట్టూ తిరిగి వెనక తలుపులోంచి వంటింట్లోకి వచ్చి, చెవి కింద పుట్టుమచ్చ మీద పడ్డ మంచు తుడుచుకుని, లోపల కలం కడుక్కుంటున్న భర్త కోసం ఆల్చిప్పల సూపు పొయ్యి మీద పెట్టింది.